రూటర్‌లో నెట్‌వర్క్ సర్వీసులు, బ్యాండ్‌విడ్త్ పంపకం: తరచుగా అడిగే ప్రశ్నలు

నెట్ సరిగా రాకపోతే చాలామంది చేసే మొదటి పని రూటర్ ఆపి మళ్లీ ఆన్ చేయడం. రెండో పని ఇంకా పెద్ద ప్లాన్ కొనడం. ఈ రెండింటి మధ్య రూటర్ సెట్టింగ్స్ పేజీ ఒకటుంది. చాలా సమస్యలకు మందు అక్కడే దొరుకుతుంది. నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు, వాటికి నేను చెప్పే జవాబులు ఇవి. మెనూ పేర్లు ఒక్కో కంపెనీ రూటర్‌లో ఒక్కోలా ఉంటాయి, లోపల జరిగే పని మాత్రం అన్నిట్లో ఒకటే.

సెట్టింగ్స్ పేజీలోకి ఎలా వెళ్లాలి? వెళ్లగానే ఏం చేయాలి?

ఫోన్‌లో వై-ఫై వివరాలు తెరిస్తే గేట్‌వే అని ఒక అడ్రస్ కనిపిస్తుంది, అది మీ రూటర్‌దే, బయటికి వెళ్లే దారి అదే. ఎక్కువగా 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది. దాన్ని బ్రౌజర్‌లో కొడితే లాగిన్ పేజీ వస్తుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ మామూలుగా రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి.

లోపలికి వెళ్లగానే అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. వై-ఫై పాస్‌వర్డ్ వేరు, ఇది వేరు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల కొద్దీ కెమెరాలను, రూటర్లను పట్టుకుంది. అందుకోసం అది గొప్ప తెలివి ఏమీ చూపించలేదు, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లను వరసగా ప్రయత్నించిందంతే. బయటి నుంచి లాగిన్ అయ్యే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆప్షన్ ఉంటే ఆపేయండి. తర్వాత బ్యాకప్ బటన్ వెతికి ఇప్పుడున్న సెట్టింగ్స్‌ను ఒక ఫైల్‌గా దాచుకోండి. ఇకపై ఒకసారికి ఒక్కటే మార్పు చేయండి. ఒకేసారి ఐదు మార్చితే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియక తల పట్టుకోవాలి.

డీహెచ్‌సీపీ అంటే ఏమిటి? ఆపేయవచ్చా?

నెట్‌వర్క్‌లోకి వచ్చిన ప్రతి ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ ఒక అడ్రస్ ఇచ్చే సర్వీసు ఇది. కొత్తగా చేరిన ఫోన్ ‘ఇక్కడ అడ్రస్ ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా’ అని అందరికీ వినపడేలా అడుగుతుంది. రూటర్ ‘192.168.1.105 ఖాళీగా ఉంది, తీసుకో’ అంటుంది. ఫోన్ సరే అంటుంది, రూటర్ ఖాయం చేస్తుంది. దాంతోపాటే గేట్‌వే ఎవరు, డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరుకి అడ్రస్ వెతికే సర్వర్) ఎవరు అన్నది కూడా చెబుతుంది. ఈ అడ్రస్ శాశ్వతం కాదు, లీజు. గడువులో సగం గడవగానే ఫోన్ తనంతట తానే పొడిగించమని అడుగుతుంది.

ఇంకో పరికరం ఈ పని చేస్తుంటే తప్ప దీన్ని ఆపొద్దు. పరికరానికి 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చిందంటే, అది అడిగింది గానీ ఎవరూ పలకలేదు అని అర్థం. అప్పుడు రూటర్‌లో ఈ సర్వీసు ఆన్‌లో ఉందా, కేబుల్ సరిగా ఉందా, ఇచ్చే అడ్రస్‌లు అయిపోయాయా అని చూడాలి. 100 నుంచి 120 వరకే రేంజ్ పెడితే ఇరవై ఒకటి మాత్రమే ఉంటాయి. బల్బులు, టీవీలు కూడా వై-ఫై ఎక్కే రోజుల్లో ఇవి ఇట్టే నిండిపోతాయి.

ప్రింటర్ అడ్రస్ మాటిమాటికీ మారిపోతోంది. ఏం చేయాలి?

ప్రింటర్ మెనూలోకి వెళ్లి అడ్రస్ చేత్తో రాయకండి, రూటర్‌లో రిజర్వేషన్ పెట్టండి. ప్రింటర్ మాక్ అడ్రస్‌కి (తయారీలోనే పరికరానికి ఇచ్చిన గుర్తింపు నంబరు) ఫలానా ఐపీ (192.168తో మొదలయ్యే అడ్రస్) అని ఒక్కసారి రాస్తే ఎప్పుడూ అదే ఇస్తుంది. దీనివల్ల లాభం ఏమిటంటే ఏ పరికరానికి ఏ అడ్రస్సో ఒకేచోట కనిపిస్తుంది. రేపు రూటర్ మార్చినా పది పరికరాల చుట్టూ తిరగక్కర్లేదు.

రెండో రూటర్ పెట్టాను. సగం ఫోన్లకు నెట్ వస్తోంది, సగానికి రావడం లేదు.

ఇది నాకు స్వయంగా అనుభవం. పాత రూటర్‌ని తీసుకెళ్లి లోపలి గదిలో సిగ్నల్ కోసం పెట్టాను. మొదటి రూటర్ నుంచి వచ్చే కేబుల్‌ని దాని లాన్ పోర్టులో (లోపలి పరికరాల కోసం ఉండే సాకెట్) గుచ్చాను, సిగ్నల్ బ్రహ్మాండంగా వచ్చింది. గంట తర్వాత ఒక ల్యాప్‌టాప్‌కి నెట్ పోయింది. కాసేపటికి టీవీకి. నా ఫోన్ మాత్రం బాగానే ఉంది! సాయంత్రం దాకా కేబుళ్లు మారుస్తూ కూర్చున్నాక గానీ ల్యాప్‌టాప్ అడ్రస్ చూడాలని తట్టలేదు. నా ఫోన్‌ది 192.168.1తో మొదలవుతోంది, ల్యాప్‌టాప్‌ది 192.168.0తో. పాత రూటర్ కూడా డీహెచ్‌సీపీ నడుపుతోంది. లీజు పొడిగింపు కోసం అడిగిన పరికరాలకు పాత అడ్రసే దొరుకుతోంది, కొత్తగా అడిగినవాటికి ఏ రూటర్ ముందు పలికితే దాని అడ్రస్ వస్తోంది. పాత రూటర్‌కి బయటి లైన్ లేదు కాబట్టి దాన్ని గేట్‌వే అనుకున్నవాళ్ల పని అయిపోయింది.

రెండో రూటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (వై-ఫై ఇవ్వడం తప్ప అడ్రస్‌లు పంచని పద్ధతి) ఉంటే అది పెట్టండి. లేకపోతే దానిలో డీహెచ్‌సీపీ ఆపి, దాని సొంత అడ్రస్‌ని మొదటి రూటర్ రేంజ్‌కి బయట, అదే వరసలో, ఉదాహరణకు 192.168.1.2 అని మార్చి, అప్పుడు లాన్ పోర్టుకు కేబుల్ ఇవ్వండి.

డీఎన్‌ఎస్ మార్చితే నెట్ స్పీడ్ పెరుగుతుందా?

డౌన్‌లోడ్ స్పీడ్ పెరగదు. డీఎన్‌ఎస్ చేసేది పేరు చెబితే అడ్రస్ వెతికిపెట్టడం. అది నెమ్మదిగా ఉంటే పేజీ మొదలవడానికి తడబడుతుంది, మొదలయ్యాక మామూలే. కనెక్షన్ ఇచ్చిన కంపెనీ సర్వర్ తరచూ మొరాయిస్తుంటే 1.1.1.1, 8.8.8.8, 9.9.9.9 లాంటివి పెట్టుకోవచ్చు. ఫోన్లో కాకుండా రూటర్‌లో మార్చితే అందరికీ వర్తిస్తుంది.

రెండో డీఎన్‌ఎస్ గడిలో వేరే రకం సర్వర్ రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. పిల్లల కోసం ఫిల్టర్ ఉన్నది మొదటి గడిలో, మామూలుది రెండో గడిలో పెడతారు. రెండోది మొదటిది పాడైనప్పుడే వాడతారన్న నమ్మకం లేదు, కొన్ని పరికరాలు ఎప్పుడు ఏది తోస్తే అది అడుగుతాయి. ఫిల్టర్ కావాలంటే రెండు గడుల్లోనూ ఆ ఫిల్టర్ సర్వర్లే ఉండాలి. బ్రౌజర్లో సెక్యూర్ డీఎన్‌ఎస్ ఆన్‌లో ఉంటే అది రూటర్‌ని అడగకుండా 443 పోర్టు (సర్వీసుకి ఉండే తలుపు నంబరు) మీద నేరుగా బయటికి వెళ్లిపోతుంది. ఫిల్టర్ పనిచేయడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే.

పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టాను, బయటి నుంచి కెమెరా తెరుచుకోవడం లేదు.

పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే బయటి నుంచి ఫలానా పోర్టుకి వచ్చినదాన్ని లోపలి ఒక పరికరానికి పంపమని రూటర్‌కి చెప్పడం. ముందు రూటర్ స్టేటస్ పేజీలో వాన్ అడ్రస్, అంటే బయటి లైన్ వైపు అడ్రస్, చూడండి. తర్వాత ‘నా ఐపీ ఏమిటి’ అని చెప్పే ఏదైనా వెబ్‌సైట్ చూడండి. రెండూ ఒకటే అయితే సమస్య మీ దగ్గరే ఉంది: కెమెరా అడ్రస్ మారి ఉండొచ్చు, పోర్ట్ నంబరు తప్పయి ఉండొచ్చు. లోపలి వై-ఫైలోనే ఉండి బయటి అడ్రస్‌తో పరీక్షిస్తున్నారేమో కూడా చూడండి. చాలా రూటర్లు అలా ఒప్పుకోవు. ఫోన్ మొబైల్ డేటా మీద పెట్టి చూడాలి.

రెండూ వేరైతే మీకూ బయటి ప్రపంచానికీ మధ్య ఇంకో తలుపు ఉంది. వాన్ అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది సీజీ-నాట్, అంటే ఒకే పబ్లిక్ అడ్రస్‌ని కంపెనీ చాలామంది కస్టమర్లకు కలిపి ఇస్తోంది. ఈ రేంజ్‌ని 2012లో ప్రత్యేకంగా ఈ పనికే కేటాయించారు. మీ రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా ఆ బయటి తలుపు మీ చేతిలో లేదు. పబ్లిక్ ఐపీ అడగాలి, లేదా ఐపీవీ6 (అడ్రస్‌ల కొత్త పద్ధతి) వాడాలి, లేదా లోపలి నుంచే బయటికి కనెక్షన్ కట్టే వీపీఎన్ లాంటిది పెట్టాలి. వాన్ అడ్రస్ 192.168తో మొదలైతే ముందున్న మోడెమ్ కూడా రూటర్‌లా పనిచేస్తోందని అనుమానించాలి, దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (రూటర్ పని మానేసి లైన్‌ని నేరుగా దాటించే పద్ధతి) పెడితే సరి.

అసలు కెమెరాని అలా బజార్లో పెట్టొద్దు. పోర్ట్ తెరిచేకన్నా రూటర్‌లోనే వీపీఎన్ సర్వర్ ఉంటే దాన్ని ఆన్ చేసుకుని అందులోంచి చూడడం మేలు.

యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంచాలా?

లోపలున్న ఏ పరికరమైనా మిమ్మల్ని అడక్కుండా తనకు కావలసిన పోర్టు తెరుచుకునే వీలు ఇది. గేమ్ కన్సోల్‌కి సుఖం. వైరస్ ఎక్కిన చవక బల్బుకీ అంతే సుఖం. నేనైతే ఆపేస్తాను. కన్సోల్ గొడవ చేస్తే దానికొక్కదానికే పోర్టులు చేత్తో రాస్తాను.

డైనమిక్ డీఎన్‌ఎస్ ఎప్పుడు కావాలి?

మీ పబ్లిక్ ఐపీ అప్పుడప్పుడు మారుతుంటే, దానికి మారని ఒక పేరు తగిలించడానికి. సీజీ-నాట్ వెనక ఉన్నవాళ్లకు దీనివల్ల ఉపయోగం లేదు.

రూటర్లో టైమ్ తప్పుగా ఉంటే ఏమవుతుంది?

చాలా రూటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వచ్చాక టైమ్‌ని ఎన్‌టీపీ సర్వర్ (నెట్‌లో సరైన టైమ్ చెప్పే సర్వర్) నుంచి తెచ్చుకోవాలి. అది కుదరకపోతే 1970లోనో, రూటర్ ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) తయారైన తేదీలోనో ఉండిపోతుంది. రాత్రి పదికి పిల్లల ట్యాబ్ ఆగాలని పెట్టిన రూల్ మధ్యాహ్నం పనిచేస్తే ముందు చూడాల్సింది ఇదే. టైమ్ జోన్ కూడా చూడండి.

100 ఎంబీపీఎస్ లైన్, డౌన్‌లోడ్ మాత్రం 12 దాటడం లేదు. మోసమా?

కాదు. లైన్‌ని బిట్‌లలో చెబుతారు, డౌన్‌లోడ్‌ని బైట్‌లలో చూపిస్తారు. 8 బిట్‌లు ఒక బైట్, కాబట్టి 100కి 12.5. అదే, 200 లైన్ తీసుకున్నా స్పీడ్ టెస్ట్ సరిగ్గా 94 దగ్గర ఆగిపోతోందంటే కేబుల్‌ని అనుమానించండి. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు జతలు చాలు. ఆ మిగతా రెండు జతల్లో ఒకటి తెగినా లింకు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతుంది.

స్పీడ్ టెస్ట్ బాగుంది. ఎవరైనా ఫొటోలు అప్‌లోడ్ చేస్తే మాత్రం అందరి నెట్ చచ్చిపోతుంది. ఎందుకు?

నన్ను అడిగితే ఇంటి నెట్ కష్టాల్లో సగం ఈ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి. ఇది స్పీడ్ చాలకపోవడం కాదు, క్యూ పొడుగు కావడం.

ఫోన్ నుంచి రూటర్ దాకా వై-ఫైలో వందల ఎంబీపీఎస్ వస్తుంది. అక్కడి నుంచి బయటికి అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ అనుకోండి. వేగంగా వచ్చి పడ్డ ప్యాకెట్లు (డేటా ముక్కలు) మోడెమ్ బఫర్‌లో (తాత్కాలికంగా దాచే మెమరీ) వరసలో నిలబడతాయి. ఆ బఫర్ 1 ఎంబీ ఉందనుకుంటే అది 8 మెగాబిట్‌లు. సెకనుకి 10 చొప్పున ఖాళీ అవ్వాలంటే 0.8 సెకను పడుతుంది. అంటే ఫొటోల వెనక చేరిన వీడియో కాల్ ప్యాకెట్, అది ఎంత చిన్నదైనా, 800 మిల్లీ సెకన్లు ఆగి కదలాలి. కల్యాణ మండపం నుంచి వచ్చిన లారీ సామాను వెనక ఒక్క సబ్బు పట్టుకుని బిల్లు కౌంటర్ దగ్గర నిలబడినట్టు ఉంటుంది దాని పరిస్థితి.

అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ ఎందుకు ఆగుతుందని కూడా అడుగుతారు. వచ్చిన ప్రతి కాసింత డేటాకీ మీ పరికరం ‘అందింది’ అని రసీదు పంపుతూ ఉండాలి. ఆ రసీదులు కూడా అదే క్యూలో ఇరుక్కుంటాయి. రసీదు రాకపోతే అవతలి సర్వర్ పంపడం తగ్గించేస్తుంది.

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టింది ప్రోగ్రామర్ జిమ్ గెట్టీస్. తన ఇంటి నెట్‌లో ఇదే బాధ పడి, 2010 ప్రాంతంలో తవ్వితే బయటపడింది. మెమరీ చవకయ్యాక ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదని కంపెనీలు బఫర్లు పెంచుకుంటూ పోయాయి. అప్పుడప్పుడు ఒక ప్యాకెట్ పోవడమే ‘నెమ్మదించు’ అని పంపేవాడికి అందే సంకేతం. అది అందకుండా చేస్తే వాడు పంపుతూనే ఉంటాడు.

నా లైన్‌లో ఆ సమస్య ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

కేబుల్‌తో కనెక్ట్ అయిన కంప్యూటర్‌లో 1.1.1.1కి ఆగకుండా పింగ్ (చిన్న ప్యాకెట్ వెళ్లి రావడానికి ఎన్ని మిల్లీ సెకన్లు పట్టిందో చూపే కమాండ్) నడపండి. ఖాళీ సమయంలో 12, 13, 12 అని వస్తోందనుకోండి. ఇప్పుడు ఫోన్లోంచి ఒక పెద్ద వీడియో క్లౌడ్‌లోకి ఎక్కించండి. పింగ్ 15, 20 దగ్గర ఉంటే మీకు బాధ లేదు, ఈ కింది మూడు ప్రశ్నలు వదిలేయవచ్చు. 90, 240, 610 అని ఎక్కుతూ పోయి, అప్‌లోడ్ అవ్వగానే మళ్లీ 12కి పడిపోతే దొంగ దొరికినట్టే. డౌన్‌లోడ్‌కీ విడిగా ఇలాగే చూడండి. ఈ అంకెలు ఎక్కడైనా రాసి ఉంచుకోండి, సెట్టింగ్ మార్చాక పోల్చడానికి అవే ఆధారం.

క్యూఓఎస్‌లో ఏ నంబర్లు పెట్టాలి?

క్యూఓఎస్ అంటే ఏ ట్రాఫిక్ ముందు వెళ్లాలో, ఎంత వెళ్లాలో రూటర్ చూసుకునే సెట్టింగ్. అందులో ఎస్‌క్యూఎం, ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్ (క్యూని అదుపులో పెట్టే పద్ధతుల పేర్లు) అనే మాటలు కనిపిస్తే అవే ఎంచుకోండి. రోజులో వేర్వేరు వేళల్లో నాలుగైదు స్పీడ్ టెస్టులు చేయండి. ప్లాన్ కాగితం మీదున్న అంకె కాకుండా, మీకు నికరంగా దొరికే అంకె తీసుకోండి. అప్‌లోడ్‌కి అందులో 90 నుంచి 95 శాతం, డౌన్‌లోడ్‌కి 85 నుంచి 90 శాతం లిమిట్‌గా రాయండి. నికరంగా అప్‌లోడ్ 10 వస్తే 9.2, డౌన్‌లోడ్ 50 వస్తే 44 అనుకోండి. పింగ్ ఇంకా ఎగురుతుంటే కొంచెం తగ్గించండి, నిలకడగా ఉంటే కొంచెం పెంచి చూడండి.

కొన్న స్పీడ్‌ని మనమే తగ్గించుకోవడమేమిటని చాలామందికి మనసొప్పదు. క్యూ ఎక్కడో ఒకచోట కట్టక తప్పదు. బయటి లైన్ కన్నా రూటర్ కాస్త నెమ్మదిగా పంపితే ఆ క్యూ మోడెమ్‌లో కాకుండా మన రూటర్లో కడుతుంది. మోడెమ్ వచ్చినవాళ్లను వచ్చినట్టు నిలబెట్టడం తప్ప ఏమీ చేయదు. రూటర్ మాత్రం ఒక్కో కనెక్షన్‌ని ఒక్కో వరసలో పెట్టి, అన్నిట్నుంచీ కొంచెం కొంచెం పంపుతుంది. దాంతో చిన్న ప్యాకెట్లు పెద్ద వరసల పక్క నుంచి వెళ్లిపోతాయి. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ ప్రకటించిన కోడెల్ పద్ధతి క్యూ ఎంత పొడుగుందని చూడదు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందని చూస్తుంది. 100 మిల్లీ సెకన్లపాటు నిరీక్షణ 5 మిల్లీ సెకన్ల కన్నా కిందికి దిగకపోతే ఒక ప్యాకెట్‌ని వదిలేస్తుంది, పంపేవాడికి సంగతి అర్థమవుతుంది.

డౌన్‌లోడ్‌లో ఎక్కువ తగ్గించడానికి కారణం, ఆ క్యూ కంపెనీ వైపు కడుతుంది, మన చేతిలో లేదు. వచ్చేసిన ప్యాకెట్లను ఆపి అవతలివాణ్ణి నెమ్మదింపజేయడమే మనం చేయగలిగేది. అందుకే కొంచెం ఎక్కువ ఖాళీ ఉంచాలి.

క్యూఓఎస్ ఆన్ చేశాక స్పీడ్ సగమైపోయింది.

రూటర్ ప్రాసెసర్ అలసిపోయింది. మామూలుగా రూటర్లు ప్యాకెట్లను ప్రాసెసర్ దాకా తేకుండా చిప్‌లోనే దాటించేస్తాయి, దాన్నే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అనీ నాట్ యాక్సిలరేషన్ అనీ అంటారు. క్యూఓఎస్ పెడితే చాలా రూటర్లలో ఆ అడ్డదారి మూసుకుపోయి ప్రతి ప్యాకెట్‌నీ ప్రాసెసరే చూడాలి. 50 ఎంబీపీఎస్ లైన్‌కి చిన్న రూటర్ సరిపోతుంది, 500కి చేతులెత్తేస్తుంది. కొన్ని రూటర్లలో యాక్సిలరేషన్ ఆన్‌లో ఉంటే క్యూఓఎస్ పెట్టినా పెట్టనట్టే, అక్కడ దాన్ని మీరే ఆపాలి. లైన్ పెద్దదై, నిండడమే అరుదైతే అప్‌లోడ్‌కి మాత్రమే లిమిట్ పెట్టి డౌన్‌లోడ్‌ని వదిలేయడం మంచి రాజీ.

ఒక్కో పరికరానికి ఇంత అని పంచవచ్చా?

పంచవచ్చు. గట్టి లిమిట్ మాత్రం నాకు నచ్చదు. ట్యాబ్‌కి 5 అని రాస్తే అర్ధరాత్రి లైన్ మొత్తం ఖాళీగా ఉన్నా దానికి 5 మాత్రమే. దాని బదులు కనీసం ఇంత, ఖాళీ ఉంటే గరిష్ఠంగా ఇంత అని రెండు అంకెలు రాసే వీలుంటే అది వాడండి. రూటర్లో ‘ప్రతి పరికరానికి సమాన వాటా’ అనే ఆప్షన్ ఉంటే ఇంకా తేలిక. ఒక్కరే ఉంటే మొత్తం వాళ్లదే, నలుగురు వస్తే నాలుగు వాటాలు. కేక్‌లో ఈ పద్ధతి ఉంది.

లిమిట్ పెట్టినా పనిచేయకపోతే రెండు సంగతులు చూడండి. ఇప్పటి ఫోన్లు అసలు మాక్ అడ్రస్ దాచి ప్రైవేట్ అడ్రస్ చూపిస్తాయి. నెట్‌వర్క్‌ని మర్చిపోయి మళ్లీ కలిస్తే కొన్నిసార్లు అది మారుతుంది, మీ రూల్ పాత పేరు మీద ఉండిపోతుంది. ఆ ఫోన్లో మీ వై-ఫైకి మాత్రం ఈ ఆప్షన్ ఆపండి. రెండోది, రూల్ 192.168.1.105కి రాసి ఉంటే ఐపీవీ6 మీద వెళ్లే ట్రాఫిక్‌కి అది వర్తించదు. పెద్ద వీడియో సైట్లలో చాలావాటికి ఐపీవీ6 ఉంది కాబట్టి లిమిట్ పక్క నుంచి అంతా పోతుంటుంది.

గేమ్, కాల్, టీవీ, ఆఫీసు ల్యాప్‌టాప్ అన్నిటికీ హై ప్రయారిటీ పెట్టాను. తేడా లేదు.

అందరూ వీఐపీలే అయితే మళ్లీ మామూలు క్యూనే. వాయిస్ కాల్‌కి సుమారు 100 కేబీపీఎస్ చాలు, గేమ్‌కీ పెద్దగా అక్కర్లేదు. అలాంటి చిన్నవాటికే ప్రయారిటీ ఇవ్వండి. సినిమా సైట్లు ముందుగానే కొంత దాచుకుని ఆడతాయి, వాటికి తొందర లేదు. పైన చెప్పిన లిమిట్ సరిగా కుదిరితే ప్రయారిటీ జాబితా అవసరమే రాకపోవచ్చు.

అన్నీ పెట్టినా ఒక్క గదిలోనే కాల్ తెగుతోంది.

అది వై-ఫై సంగతి, రూటర్ క్యూలతో తేలదు. గాలిలో ఒకసారికి ఒకరే మాట్లాడాలి. దూరాన ఉన్న పాత ఫోన్ ఒక ముక్క పంపడానికి తీసుకునే సమయంలో దగ్గరున్న ల్యాప్‌టాప్ ఇరవై పంపగలదు, అయినా ఆగాల్సిందే. కదలని టీవీ, డెస్క్‌టాప్‌లను కేబుల్ మీదికి మార్చితే గాలి ఖాళీ అవుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానల్ 1, 6, 11లలో ఒకటి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. డబ్ల్యూఎంఎం (వై-ఫైలో కాల్, వీడియోలకు ముందు చోటిచ్చే) ఆప్షన్ ఆపొద్దు, ఆపితే పాత నెమ్మది స్పీడ్‌లకు పడిపోతుంది.

చుట్టాలు వస్తే వై-ఫై పాస్‌వర్డ్ ఇవ్వక తప్పదు. ఏం చేయను?

గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేయండి, లోపలి నెట్‌వర్క్ కనిపించకుండా ఐసొలేషన్ టిక్ చేయండి, దానికి మొత్తం మీద ఒక లిమిట్ రాయండి. గట్టి లిమిట్ నాకు నచ్చేది ఇక్కడొక్కచోటే. స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు కూడా అందులోనే పెట్టవచ్చు. ప్రింటర్‌ని మాత్రం పెట్టకండి, మీకే కనిపించకుండా పోతుంది.

రూటర్‌ని రోజూ రీస్టార్ట్ చేయాలా?

అక్కర్లేదు. రోజూ చేస్తే గానీ నడవకపోతే లోపల ఏదో ఉంది. వేడెక్కే చోట, అల్మారాలో మూసిపెట్టి ఉందేమో చూడండి. ఫర్మ్‌వేర్ పాతదైతే అప్‌డేట్ చేయండి. ఎవరైనా టొరెంట్ నడుపుతూ వేల కనెక్షన్లు తెరిస్తే చిన్న రూటర్ కనెక్షన్ల పట్టిక నిండిపోతుంది. అప్పుడు కొత్త పేజీలు తెరుచుకోవు, అప్పటికే నడుస్తున్న కాల్ మాత్రం సాఫీగా సాగుతుంది. ఆ లక్షణం కనిపిస్తే టొరెంట్ యాప్‌లో గరిష్ఠ కనెక్షన్లను వందకి దించండి.